గైడులో లేని వాక్యం

"సెయ్యి సాపవే!" అని నా బెల్టు మూడోసారి కూతురు ఇంద్రజ అరచేతి మీద వేశాను. "సదువు ఎక్కకపోతే మానెయ్. మేస్టారు కొడితే ఏడులోనే మానేసినోణ్ణి నాను, సచ్చిపోయానేటి?"

మెయిన్ క్లాజు, సబార్డినేట్ క్లాజు కలిపి పది వాక్యాలు రాసింది. నాకు ఇంగ్లీషు రాదు. పోర్టులో పెట్టెల మీద గుర్తుల్ని చీటీతో సరిచూసినట్టే, ఆ అక్షరాలను గైడుతో సరిచూశాను. ఆఖరి వాక్యం గైడులో ఎక్కడా లేదు, తప్పు రాసిందని బెల్టు తీశాను.

నాలుగో దెబ్బకి చెయ్యి చిట్లింది. నోట్సు మీద రక్తం పడింది.

కేకలు విని పక్కింటి ట్యూషన్ టీచరు గౌరీశ్వరి పరుగెత్తుకొచ్చి బెల్టు లాక్కుంది.

"మనిషివేనా అన్నయ్యా? ఆఖరిది సొంతంగా రాయమన్నది నానే! రైటుగానే రాసింది!"

"అయితే ఏటి రాసిందో తెలుగులో సెప్పమను!" అని అరిచాను.

ఇంద్రజ చేతి రక్తం లంగాకి తుడుచుకుంది. నా కళ్లలోకి చూసింది.

"మా నాన్న ఎంత కొట్టినా, నాను బడి మానను."

ఆ రోజు మేస్టారి ముందు నాకు ఈ మాట రాలేదు.