సంతకానికి ముందు

బంతి వచ్చి ఆయన చేతిసంచికి తగిలింది. సంచిలోని గుడ్లు పగిలి సొన కారింది.

"సారీ అంకుల్!" అంటూ పరుగెత్తుకొచ్చింది అబిగేయిల్.

ఆయన సంచి వైపు చూడనే లేదు.

"ఎడమకాలితో కొట్టావా అమ్మా?"

"యా."

"అంత దూరం నుంచా? ఏదీ, ఇంకోసారి కొట్టు."

కొట్టింది. ఆయన మాస్కు కిందికి లాగి ఏదో అనబోయి, గుర్తొచ్చి మళ్ళీ పైకి లాక్కున్నాడు.

అది 2020 నవంబరు. ఇల్లు వదిలి ఐదు కిలోమీటర్లు దాటకూడని రోజులు. ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో ఆట మైదానాలన్నీ మూతపడ్డాయి. స్కూల్లో ఆఖరి ఏడు చదువుతున్న అబిగేయిల్ పార్కులో ఒంటరిగా గోడకు బంతి కొట్టుకుంటోంది.

ఆయన పేరు ఆమోసు. నరసాపురం వైపు మనిషి. కేర్ హోంలో వృద్ధులను చూసుకునే ఉద్యోగం. సెలవు దొరికితే ఒక కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కొత్త ఆటగత్తెలను వెతికిపెడతాడు. దానికి జీతం లేదు. ఇష్టం, అంతే.

ఆ సాయంత్రమే అబిగేయిల్ వాళ్ళ గుమ్మానికి రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాడు.

"వందనాలమ్మా. మీ పాపను మా కోచ్‌కి ఒక్కసారి చూపిస్తాను. నచ్చితే ఫీజు మొత్తానికి స్కాలర్‌షిప్పు."

అబిగేయిల్ తల్లి కృపావతి నర్సు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది.

"నిజంగా ఇస్తారాండీ?"

"పాప ఆట చూస్తే ఇవ్వకుండా ఉండలేరమ్మా."

వారం తిరక్కుండానే ఖాళీ మైదానంలో కోచ్ గంటసేపు ఆడించి చూశాడు. సోమవారం వచ్చి స్కాలర్‌షిప్పు కాగితం మీద సంతకం పెట్టమన్నాడు.

ఆదివారం ఆమోసు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ సంతకం కాస్త ఆపండి."

"ఎందుకండీ? ఇంకెవరైనా దొరికారా?"

"అది కాదమ్మా... ఆపండమ్మా. ఇప్పుడింకేమీ అడక్కండి."

కృపావతికి ఒళ్ళు మండింది. తెల్లారగానే సంతకం పెట్టించి తీరాలనుకుంది.

తెల్లారేసరికి, కాలేజీ జట్ల పోటీలు నడిపే లీగ్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చి ఉంది.

లాక్‌డౌన్‌లో స్కూలు పిల్లలను పిలిచి ఆడించి చూడకూడదు. పరీక్షలు కాకముందే స్కాలర్‌షిప్పు మాట ఇవ్వకూడదు. ఈ రెండూ జరిగాయని ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరన్నది ఏడాది దాకా బయటపెట్టరు. రుజువైతే జట్టుకు పాయింట్లు కోస్తారు. బాధ్యులను సస్పెండ్ చేస్తారు. అమ్మాయిని రెండేళ్ళు ఆడనివ్వకపోవచ్చు.

"సరోజే," అంది కృపావతి.

సరోజ కృపావతి పనిచేసే వార్డులోనే నర్సు. ఆమె కూతురు వర్షిత కూడా ఆ జట్టులో చోటు కోసమే చూస్తోంది.

"యూ డోంట్ నో దట్, మామ్."

"నాకు తెలుసే. దానికి కళ్ళు కుట్టాయి."

ఆ రోజు నుంచి సరోజ పలకరించినా కృపావతి పలకలేదు.

విచారణ జనవరిలో జూమ్‌లో జరిగింది. కోచ్ తనకేమీ గుర్తులేదన్నాడు. ఆమోసు వంతు వచ్చింది.

"అమ్మాయికి నిబంధనలు తెలియవు. వాళ్ళమ్మకూ తెలియవు. వాళ్ళింటికి వెళ్ళింది నేను. మాట ఇచ్చింది నేను."

తీర్పు రెండు రోజులకు వచ్చింది. జట్టుకు ఆరు పాయింట్లు కోత. కోచ్‌కి ఒక సీజన్ నిషేధం. ఆమోసు రెండేళ్ళపాటు ఏ కాలేజీ మైదానంలోనూ అడుగుపెట్టకూడదు. సంతకం జరగకముందే ఫిర్యాదు అందింది కాబట్టి అమ్మాయికి శిక్ష లేదు. వేసవిలో అందరితోపాటు సెలక్షన్‌కి రావచ్చు.

"దేవుడే కాపాడాడు," అంది కృపావతి.

మర్నాడు ఆమోసు వచ్చాడు. ఆమె తలుపు సగమే తెరిచింది.

"పాపను ఆట మానొద్దనండమ్మా. వేసవిలో తప్పకుండా పంపండి."

"మీరు చేసిన మేలు చాలు. రూల్స్ తెలియకుండా మా ఇంటికెందుకొచ్చారు? పిల్లను విచారణ దాకా ఈడ్చారు."

"లాక్‌డౌన్‌కి కొత్తగా పెట్టారమ్మా. నేను చూసుకోవాల్సింది. తప్పు నాదే."

"ఇంకెప్పుడూ మా గుమ్మం ఎక్కకండి."

"అలాగేనమ్మా."

ఫిబ్రవరిలో ఆమోసు కరోనాతో చనిపోయాడు. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. మిగతావాళ్ళు చూడడానికి చర్చి గ్రూపులో లింకు పెట్టారు. కృపావతి తెరవలేదు.

వేసవిలో అబిగేయిల్ సెలక్షన్‌కి వెళ్ళింది. స్కాలర్‌షిప్పు వచ్చింది. మొదటి ఏడాదే పదకొండు గోల్స్ కొట్టింది. 2022 ఏప్రిల్‌లో జట్టు పిల్లలు ఆమెనే కాలేజీ ఫుట్‌బాల్ క్లబ్ సెక్రటరీగా ఎన్నుకున్నారు. క్లబ్ ఈమెయిల్ ఆమె చేతికొచ్చింది. ఏడాది గడువు తీరాక లీగ్ పంపిన పాత కేసు ఫైలు అందులోనే ఉంది.

"మామ్, కంప్లెయింట్ లెటర్ ఇక్కడుంది."

కృపావతి కూర స్టవ్ మీంచి దించి వచ్చి కూర్చుంది.

"చదువు. సరోజ ఏం రాసిందో విందాం."

అబిగేయిల్ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకొచ్చింది.

"రేపు ఆ అమ్మాయి సంతకం పెడుతుంది. పెట్టాక ఇది బయటపడితే ఆమెకు రెండేళ్ళ ఆట పోతుంది. కోచ్ దాచమంటున్నాడు. దాస్తే ఆమెకే నష్టం. అందుకని ఇవాళే చెబుతున్నాను. శిక్ష వెయ్యాలంటే ఆమెను వెతికి తెచ్చిన మనిషికి వెయ్యండి."



"కింద పేరు?" అంది కృపావతి.

అబిగేయిల్ ఫోన్ తల్లి వైపు తిప్పింది.

తన మీద తానే రాసుకున్న ఆ ఫిర్యాదు కింద, ఆదివారం తేదీ వేసి, ఆమోసు సంతకం పెట్టాడు.