ఎక్కని డ్రైవరు

జగ్గారావు భార్య సూరమ్మని ఏలూరులో ఒక ప్రింటరువాడు చంపాడు.

మండవల్లిలో ఈ సంగతి అందరికీ తెలుసు. జగ్గారావే చెప్పాడు. రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు.

ఆరోజు ఏలూరు స్కానింగ్ సెంటరు వరండాలో సూరమ్మని బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు పెదవి విరిచాడు. విజయవాడ తీసుకెళ్తానని జగ్గారావు పట్టుబట్టాడు. రిపోర్టు చేతిలో లేకుండా అక్కడ చేర్చుకోరన్నారు. అతను గంట తిరిగి కారు మాట్లాడుకొచ్చేసరికి రిపోర్టు కంప్యూటర్లోనే ఉంది, కాగితం మీదికి రాలేదు.

కంప్యూటరు ముందు బాలస్వామి అని ఒక బక్కమనిషి.

“పాత ప్రింటరు పోయిందండి. ఇది కొత్తది. దీని డ్రైవరు ఎక్కించాలండి.”

“డ్రైవరేవిటయ్యా?”

“కంప్యూటరు మాట ప్రింటరుకి అర్థమయ్యేలా చేసేదండి. ఒక్కో ప్రింటరుకి ఒక్కోటి. కంప్యూటరు మారితే అదీ మారుతుందండి.”

“నా డ్రైవరు బయట హారను కొడుతున్నాడు. త్వరగా కానీ.”

బాలస్వామి ఒక సీడీ పెట్టాడు. కాగితం నిండా పిచ్చిగీతలు వచ్చాయి.

“ఈ సీడీ ఇంకుజెట్టు ప్రింటరుదండి. మనది లేజరు.”

కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. ఇంకో సీడీ పెట్టాడు. బొమ్మ సగానికి తెగి వచ్చింది.

“లేజరుదేనండి. ఈ కంప్యూటరుకి పడటంలేదు.”

“ఒరే, నీకు తెలుసా తెలీదా? తెలీకపోతే చెప్పు, చేపలు తూచేవాణ్ణి పిలిపిస్తాను. వాడు నయం.”

“మీరు కాస్త ఇటు తిరిగి కాగితం పట్టుకోండి బాబుగారూ. ఇరుక్కుంటోందండి.”

జగ్గారావు కిటికీకి వీపు పెట్టి కాగితం పట్టుకున్నాడు. ఈసారి తెల్లకాగితం వచ్చింది.

లాగి కొట్టాడు. గదిలో అందరూ తలలెత్తారు.

బాలస్వామి చెంప తడుముకోలేదు. కిటికీలోంచి వరండా వైపు చూశాడు.

“ఇంకొక్కటుందండి” అన్నాడు.

మళ్లీ ఆపాడు. మళ్లీ వేశాడు. నింపాదిగా చేశాడు. రిపోర్టు అద్దంలా వచ్చింది.

“చూశారా? పడితేగాని ఎక్కలేదు వెధవకి!” అన్నాడు జగ్గారావు.

కారు హనుమాన్ జంక్షన్ చేరకుండానే సూరమ్మ పోయింది.

జగ్గారావు ఒక్క దెబ్బతో ఊరుకోలేదు. బాలస్వామిని పనిలోంచి తీయించాడు. ఏలూరులో కంప్యూటరున్న ప్రతి కొట్టుకీ వెళ్లి వాడి పేరు చెప్పొచ్చాడు.

క్షమించడం జగ్గారావు ఎరగడు. కొల్లేట్లో అక్రమ చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టించినప్పుడు, ‘మా నాన్న చెరువు సర్కారు హద్దులోదే’ అని అధికారుల ముందు నిజం చెప్పాడు ఒక్కగానొక్క కొడుకు రాజేష్. వాణ్ణి తాడేపల్లిగూడెం తరిమేశాడు. తల్లి పోతే వీధి గుమ్మం తొక్కనివ్వలేదు. అన్న కొడుకుతో తలకొరివి పెట్టించాడు.

వాడికి తల్లి కడచూపు దక్కలేదు. ఆ సంగతి తలుచుకున్న పూట జగ్గారావుకి అన్నం రుచిగా ఉంటుంది.

ఈమధ్య చేపల మేత కొట్టు పెట్టాడు. బిల్లుల కోసం కంప్యూటరు కొన్నాడు. బిగించడానికి ఏలూరు నుంచి వీర్రాజు వచ్చాడు.

“కార్బను కాపీలు కావాలంటే ఈ డాట్ మ్యాట్రిక్సు ప్రింటరే ఉంచండి. లేజరుకి పోకండి” అంటూ సీడీ పెట్టాడు. మొదటిసారికే బిల్లు గరగరమంటూ వచ్చింది.

“ఒక్క దెబ్బకి ఎక్కించావే! ఏలూరులో ఒకడుండేవాడు, బాలస్వామని. డ్రైవరు తెలీక నా భార్యని చంపాడు.”

వీర్రాజు చెయ్యి ఆగింది.

“నాకు పని నేర్పింది ఆయనేనండి. చప్పుడు విని ఏ ప్రింటరో చెప్పేవారు.”

“మరి ఆరోజు ఏమైంది, చెవుడొచ్చిందా?”

“లేదండి. నేను పక్క కంప్యూటరు మీదే ఉన్నాను. సరైన సీడీ కుర్చీలో వేసుకుని, దానిమీదే కూర్చున్నారండి.”

జగ్గారావు లేచి నిలబడ్డాడు.

“చూశావా! కావాలనే చంపాడు! ఎక్కడున్నాడు వాడు?”

“ఇంకెవరూ పనివ్వకపోతే ఐసు ఫ్యాక్టరీలో చేరారండి. దిమ్మ జారి మీదపడింది. మొన్న క్రిస్మస్‌కి ముందు పోయారు.”

“పోవలసినవాడే.”

వీర్రాజు వైర్లు చుట్టుకుని సంచీలో పెట్టుకున్నాడు.

“మీరు కారు కోసం వెళ్లినప్పుడు వరండాలో అమ్మగారు బాలస్వామిగారి చెయ్యి పట్టుకున్నారండి. ‘నాయనా, విజయవాడ దాకా నేనుండను. మా ఆయన్ని కాసేపు లోపలే ఆపు’ అన్నారు. ఫోను కూడా ఆయనే చేశారండి.”

“ఎవరికి?”

“తాడేపల్లిగూడేనికండి. మీరు కొట్టేటప్పటికి అమ్మగారి తల రాజేష్‌గారి ఒళ్లో ఉంది.”

ప్రింటరు ఇంకో బిల్లు కక్కింది. ఎవరూ చింపలేదు.

“ఈ మాట ఇంకెక్కడా ఎత్తకు” అన్నాడు జగ్గారావు. “నేనూ ఎత్తను.”