వెనక ఎడమ టైరు

"ముందు రెండూ మారిస్తే చాలు. వెనకవి ఇంకో ఏడాది లాగుతాయి," అన్నాడు భర్త, టైర్ల షాపులో కారు దిగుతూ.

కానీ ఆమెకి మారాల్సింది వెనక ఎడమ టైరే. మంగళవారం స్కూలు మలుపులో దాన్ని ఫుట్‌పాత్ అంచుకి గుద్దింది. దిగి వంగి చూస్తే టైరు లోపలి పక్కన నిమ్మకాయంత బుడిపె లేచి ఉంది. లోపలి పక్క కాబట్టి ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు. ఆ రోజు నుంచీ ఏదో ఒక వంక పెట్టి పిల్లలిద్దర్నీ స్కూలుకి నడిపించే తీసుకెళ్తోంది.

నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ లైసెన్సు చేతికొచ్చి నాలుగు నెలలే అయింది. తాళం ఇచ్చిన రోజే ఆయన తెగేసి చెప్పాడు: "ఒక్క గీత పడిందా, తాళం మళ్ళీ నా జేబులోకే. పన్నెండేళ్ళుగా నడుపుతున్నా, నా చేతిలో బండికి చిన్న సొట్ట పడలేదు."

"వానలు మొదలవుతున్నాయి కదండీ. నాలుగూ మార్పించేద్దాం," అంది, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంటూ.

"నీకు భయమేసిందని బాగున్న టైర్లు పారేసుకుంటామా?"

మేస్త్రి ఇద్దరి మధ్యా మూడు టైర్లు దొర్లించుకొచ్చి నిలబెట్టాడు. "ముందు రకం తేల్చుకోండి. ఇది మెత్తనిది. వాన రోడ్డుని పట్టుకుని పోతుంది గానీ ఎండకి తొందరగా అరుగుతుంది. ఇది గట్టిది. ఏళ్ళ తరబడి అరగదు, తడిలో మాత్రం నమ్మలేం. ఇది అన్ని కాలాలకీ పనికొస్తుంది. పిల్లలున్న ఇంటి బండికి నేనైతే ఇదే వేస్తా."

ఆమె వంగి మూడో టైరు పక్కనున్న అంకెలు చదివింది. "ఇది తయారై మూడేళ్ళయిందే! కొత్త సరుకు లేదా?"

మేస్త్రి కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మగారు చదువుకునే వచ్చారు సార్."

"నాలుగు రోజులుగా ఇదే చదువు. కాలేజీలో కూడా ఇంత చదివి ఉండదు," అన్నాడు భర్త. మేస్త్రి నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

లోపల్నించి కొత్త సరుకు వచ్చింది. "రెండే తియ్యి," అన్నాడు భర్త మళ్ళీ.

"సరే సార్. కానీ రెండే అయితే కొత్తవి వెనక వేస్తా. వెనకవి ముందుకొస్తాయి."

"అదేంటయ్యా? స్టీరింగ్ ఉండేది ముందు కదా!"

"అందుకే సార్. ముందు చక్రం జారితే చేతికి తెలుస్తుంది, సర్దుకుంటారు. వెనకది జారితే బండి బండే తిరిగిపోతుంది. పిల్లలు కూర్చునేది కూడా వెనకే కదా."

ఆమెకి ఊపిరి ఆడింది. ఆ మరుక్షణమే మళ్ళీ ఆగింది. వెనకవి విప్పితే బుడిపె బయటపడుతుంది. పడకపోతే ఇంకా ఘోరం, ఆ టైరు ముందుకొస్తుంది.

మేస్త్రి వెనక ఎడమ పక్కే జాకీ పెట్టాడు. బండి మెల్లగా లేచింది. నట్లు విప్పి చక్రం ఒళ్ళోకి లాక్కుని అరచేత్తో చుట్టూ తడుముతున్నాడు. చెయ్యి ఒకచోట ఆగింది.

"ఎవరో గట్టిగానే గుద్దారే! చూడండి సార్. ఇది ఎప్పుడు పేలుతుందో దేవుడికే తెలియాలి."

భర్త వంగి చూశాడు. తర్వాత తలెత్తి ఆమె వంక చూశాడు.

రాయి తగిలిందేమో అనొచ్చు. ఎప్పుడో పాతదేమో అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మేస్త్రి వేలు ఇంకా ఆ బుడిపె మీదే ఉంది.

"నేనే. మంగళవారం. స్కూలు మలుపులో," అంది.

"మంగళవారం! ఇవాళ శనివారం."

"పిల్లల్ని ఎక్కించలేదండీ. ఒట్టు."

"నాకు చెప్పాలని కూడా అనిపించలేదన్నమాట. గుద్దడం తప్పు కాదు, ఎవరికైనా జరుగుతుంది. దాచావు చూడూ, అదీ తప్పు. మొగుడి దగ్గర కూడా దాపరికమా?" పరాయివాడి ముందని కూడా చూడకుండా ఆయన చెయ్యి చాపాడు. "తాళం."

ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. నాలుగు నెలల స్వేచ్ఛ తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"సోమవారం నుంచి నేనే దింపుతా పిల్లల్ని," అంటూ ఆయన తాళం జేబులో వేసుకున్నాడు. గెలిచినవాడి దర్జాతో మేస్త్రి వైపు తిరిగాడు. "నాలుగూ మార్చెయ్యవయ్యా!"

ఒక్కొక్క చక్రం దిగుతోంది. ఆమె మూలనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేల చూపులు చూస్తోంది. చివరికి ముందు కుడి చక్రం దగ్గర మేస్త్రి ఆగిపోయాడు.

"ఇదేంటి సార్? మూడూ అరిగి నున్నగా ఉంటే, దీని రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు. ఇది డిక్కీలో ఉండాల్సిన స్టెప్నీ కదా! మరి ఇక్కడుండాల్సిన టైరేదీ?"

"అదంతా ఎందుకయ్యా, ఆలస్యమవుతోంది. బిగించెయ్యి," అన్నాడు భర్త.

"స్టెప్నీ గాలి ఎలాగూ చూడాలి కదా సార్." మేస్త్రి అప్పటికే డిక్కీ ఎత్తేశాడు.

"వద్దన్నానా!"

ఆ గొంతుకి ఆమె లేచి వచ్చింది. మేస్త్రి అడుగున ఉన్న మూత తీశాడు. లోపల టైరు జానెడు మేర చీలి నోరు తెరుచుకుని ఉంది. ఇనప రిమ్ము ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది.

మేస్త్రి దాన్ని చూశాడు. పైకప్పు రేకులు లెక్కపెడుతున్న భర్తని చూశాడు. మెల్లగా అడిగాడు:

"అమ్మా, ఇది కూడా మీరేనా?"

"నాకు స్టెప్నీ మార్చడం రాదండీ," అంటూ ఆమె భర్త ముందు చెయ్యి చాపింది.