అలవాటున్న ఒళ్ళు

అందరి ఇళ్ళలోలాగే మా గోడ మీదా కౌన్సెలింగ్ పెట్టె ఉంది. మా ఒంట్లో సంగతులు దానికి తెలియడానికి ఇంటిల్లిపాదీ అదిచ్చిన ఒకేరకం బనియన్లు తొడుక్కుంటాం. ఇంటి దిగులంతా నా భుజాల్లోనే నొప్పిగా గడ్డకట్టిందని పెట్టె తేల్చింది. సోమవారం ఆ బనియన్లలోంచే దాన్ని నలుగురికీ సమానంగా పంచింది.

పదిహేనేళ్ళ తరవాత మెడనొప్పి తెలియకుండా ఇడ్లీలకు పిండి రుబ్బాను.

బుధవారానికి మా ఆయన గిరిధర్ భుజం పట్టుకుని ఆఫీసు మానేశాడు. "రోజూ నీకిలాగే ఉంటుందా?" అని అడుగుతాడేమోనని చూశాను.

"పాతలాగే పెట్టించెయ్ హైమా, చచ్చిపోతున్నాను," అన్నాడు.

"దానిది అలవాటున్న ఒళ్ళు కదరా," అని అత్తయ్య మూలిగింది.

నేను ససేమిరా అన్నాను. కానీ పదో తరగతి చదివే మా అమ్మాయి చిన్మయి మెడ పట్టేసి, పుస్తకం మీదికి వంగలేక కూర్చుంది. పుస్తకాన్నే ఎత్తి కళ్ళ ముందు పట్టుకుని చదువుకుంటోంది. పెట్టె దగ్గరికి వెళ్ళి, అంతా నాకే ఇచ్చెయ్యమన్నాను.

"మీరు ఎవరికోసం బతుకుతున్నారో ఆలోచించుకున్నారా?" అని అది మర్యాదగా అడిగింది. మార్పులకు ముందు అందరినీ అడిగే ప్రశ్నే.

"పొయ్యి మీద పాలున్నాయి, త్వరగా కానియ్," అన్నాను.

నిమిషంలో గిరిధర్ భుజం విదిలించుకుని షర్టు వేసుకున్నాడు. అత్తయ్య కాఫీ అడిగింది. చిన్మయి మాత్రం అలాగే కూర్చుంది.

"పాప వాటా వెనక్కి రావడం లేదండీ," అంది పెట్టె. "మూడు రోజులకే ఆ ఒళ్ళు అలవాటు పడిపోయింది."