పన్నెండడుగుల విల్లు

"బాపూ, నీ క్యారెక్టర్ ఎత్తు మూడడుగులే. ఆ విల్లు పన్నెండడుగులు, రాక్షసునిది. ఎట్ల ఎత్తుతవు?" అంది అమల.

"ఎత్తుడెందుకు? ఎల్లకిల పండుకుంటడు," అన్నాడు పెంటయ్య. "రెండు కాళ్లు విల్లుకు తన్నిపెట్టి, రెండు చేతులతోని నారి గుంజుతడు. బర్రెకు ఈత కష్టమైతే దూడను నేను గట్లనే గుంజిన. ఏం, దూడ రాలేదా?"

మహేందర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెల్లెలి మొహం చూస్తే నవ్వు ఆగేలా లేదు.

ఛత్రినాకలో పెంటయ్య పాల దుకాణం మీది గది అది. ఏడాదిగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నాచెల్లెళ్లు, వాళ్ల దోస్తులు అక్కడ చేరి ఈ కథల ఆట ఆడుతున్నారు. తలా ఒక వేషం. కథ నడిపేది అమల. వేసిన దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పెంటయ్య చాయ్ తెచ్చి ఇచ్చి, గ్లాసులు ఖాళీ అయ్యేదాకా మెట్ల మీదే నిలబడేవాడు. "సచ్చిందా డ్రాగన్?" అని అడిగి కిందికి దిగేవాడు. అంతకుమించి ఆ ఆటతో ఆయనకు సంబంధం లేదు.

ఇవాళ మాత్రం ఆయనే ఆటలో కూర్చున్నాడు. వానలు దగ్గర పడ్డాయి, ఎండుగడ్డి ఈ గదిలో వేయాల్సిందేనని పిల్లల తల్లి ఆండాలు తేల్చేసింది. ఆండాలు మాట కాదని ఆ ఇంట్లో చెంబు కూడా కదలదు. పిల్లలు అన్నం మానేసి కూర్చున్నారు. అప్పుడు పెంటయ్యే మధ్యలో దూరాడు.

"లొల్లి ఎందుకు? ఆటలనే తేల్చుకుందాం. మీ అమ్మ దిక్కు నేను ఆడుత. ఒకటే బాణం. డ్రాగన్ పడ్డదా, గదిల గడ్డి. పడలేదా, గది మీది."

ఆండాలు వెంటనే సరేనంది. వడిసెల తిప్పితే చింతచెట్టు చిటారు కాయ రాలగొట్టిన మొగుడాయె, ఇక ఫికర్ ఏముంది!

ఇప్పుడు ఆమె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "గా చిన్న విల్లు తీస్కోరాదయ్యా. మనిషెంతో విల్లంత ఉండాలె."

"నీకు తెల్వదు ఆండాలూ. డ్రాగన్ అంటే ఏమనుకున్నవ్? మనం సదర్ పండుగల ఊరేగించిన దున్నపోతుకు పదింతలు. దానికి చీపురుపుల్ల ఏస్తే గోక్కుంటది అంతే."

"చెల్లే, రూల్ చెప్పు," అన్నాడు మహేందర్.

రూళ్లన్నీ తెలుగులో రాసుకున్న నోట్‌బుక్ పది రోజులుగా కనబడటం లేదు. తల్లే పాత పేపర్లతో కలిపి రద్దీకి వేసేసిందని అమల అనుమానం. "నీ పిచ్చి రాతలు నాకెందుకే?" అని ఆండాలు కస్సుమంది. అందుకే అమల నోటితోనే చెప్పింది.

"ఒంటికి మించిన విల్లయితే పాచికల పడ్డదాంట్ల సైజుకు నాలుగు తగ్గుతది బాపూ. నీది మూడు సైజులు మించింది. అంటే పన్నెండు కట్. అంత పోంగ ఇంక పదిహేను మిగలాలె, అప్పుడే తగుల్తది. పాచికల ఉన్నదే ఇరవై."

"అంటే తగలదంటవ్?"

"తగలదు. ఒక్క ఇరవై పడితే మాత్రం కటింగ్ గిటింగ్ ఏం లేదు. సీదా తగిలినట్టే."

పాచిక పట్టుకున్న పెంటయ్య చెయ్యి గాలిలో ఆగింది. "గిదేడ రాసుంది?"

"వేరే పేజీల."

"విన్నవా? ఇప్పటికైనా చిన్నది తీస్కో," అంది ఆండాలు.

"మాటంటే మాట. రాక్షసుని విల్లే." కళ్లు మూసుకుని పాచిక వేశాడు.

అది చాప మీద చాయ్ గ్లాసుల మధ్య దొర్లి దొర్లి ఆగింది. మహేందర్ వంగి చూశాడు. మళ్లీ చూశాడు.

ఇరవై.

"పడ్డది! పడ్డది డ్రాగను!" ఆండాలు చిక్కుడుకాయలతో సహా లేచింది. "రేపు పొద్దుగాలనే గడ్డి దింపిస్త!"

అమల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాది కథ, ఆ గోడ మీద అతికించిన రాజ్యాల పటాలు, అన్నీ గడ్డి కిందికి పోయినట్టే. పెంటయ్య మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

"ఆగుండ్రి," అన్నాడు. "పాచిక గ్లాసుకు తాకింది. చెల్లదు."

"యాడ తాకింది? నేను చూస్తలేనా?" అంది ఆండాలు.

"తాకిందే! నలభై ఏండ్ల సంది పాలల్ల నీళ్లు కలపలే, ఇప్పుడు ఆటల కలుపుతనా? మళ్లేస్త."

ఆ మాటకు ఆండాలు కూడా మళ్లీ కూర్చుంది. పెంటయ్య పాలకు ఛత్రినాకంతా సాక్ష్యం. ఆయన మళ్లీ వేశాడు.

మూడు.

అమల కథ అందుకుంది. "నారి తెగింది. విల్లు ఎగిరి తన్నింది. మరుగుజ్జు పోయి కొండ అవతల పడ్డడు. డ్రాగన్ ఒక్క కన్ను తెరిచి చూసి, మళ్ల పండుకున్నది."

"సల్లగుండ నీ నిజాయితీ!" అని ఆండాలు చిక్కుడుకాయల చాట ఎత్తుకుని దబదబా మెట్లు దిగింది. "గెలిచినోడు ఎవడన్న మళ్లేస్తడా? ఇగ గడ్డి నీ నెత్తి మీద పెట్టుకో!"

"గడ్డికి షెడ్డు మీద రేకులు ఏపిస్త తియ్యే," అని వెనకనుంచి అరిచాడు పెంటయ్య.

అమల తండ్రిని గట్టిగా పట్టుకుంది. "నీ అసుంటి మనిషి ఉండడు బాపూ. చేతికొచ్చిన ఆట ఇడిసిపెట్టినవ్."

"న్యాయం న్యాయమే బిడ్డా," అంటూ పెంటయ్య ఖాళీ గ్లాసులు ఏరుకుని కిందికి వెళ్లాడు. పాలు పిండే వేళైంది.

కాసేపటికి తండ్రికి సాయంగా వెళ్లిన అమల, బర్రెలకు దాణా పెట్టడానికి తవుడు డబ్బాలో చెయ్యి పెట్టింది. చేతికి ఏదో గట్టిగా తగిలింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తన నోట్‌బుక్. పెద్ద ఆయుధాల రూళ్లున్న పేజీ మూల మడిచి ఉంది. రాక్షసుడి విల్లు దగ్గర పెన్సిలుతో గీత, గీత కింద బాపు చేతిరాత.

"గీ విల్లైతే పక్కా ఓడిపోత."