అవసరం లేని ఉద్యోగం

"ఆ ముక్క రాయాల్సిందే!" మునివెంకటప్ప టైపు మిషను పెట్టిన బల్లను గట్టిగా గుద్దాడు.

చిత్తూరు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో టకటకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పంకజాక్షికి తల కొట్టేసినట్టయింది. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బిల్లులు టైపు చేసే ఉద్యోగం పడిందని బయోడేటా కొట్టించుకోవడానికి వస్తే, నాయన వెంటపడి వచ్చాడు. ఇప్పటికే కాగితంలో ముప్పాతిక భాగం ఆయనే ఉన్నాడు. ఆయన పన్నెండెకరాల తోతాపురి తోట, ఏటా అదే ఫ్యాక్టరీకి తోలే కాయ, ఆయన తాత కార్వేటినగరం జమీనులో వెలగబెట్టిన కొలువు, అన్నీ ఎక్కాయి. టైపు హయ్యరు ఫస్టు క్లాసులో పాసైన పిల్ల మాత్రం అడుగున ఒక్క వరుసలో ఇరుక్కుంది.

"నాయనా, ఉద్యోగం అవసరం లేదని రాస్తే ఎవురన్నా ఇస్తారా?"

"అవసరముండాదని రాస్తే ఊర్లో నా మొగం యాడ పెట్టుకునేది? మునివెంకటప్ప కూతురి సంపాదన తింటా ఉండాడంటారు. కొట్టప్పా గంగాధరం! 'మాకు ఈ ఉద్యోగం అవసరం లేదు, పాప పొద్దుపోక వస్తా ఉండాది' అని. ఇంగ్లీషులో కూడా గట్టిగా ఉండాల!"

గంగాధరం మాస్టరు పంకజాక్షి వైపు జాలిగా చూసి, ఆ ముక్కా టైపు కొట్టాడు.

ఇంటర్వ్యూకీ నాయన తయారు. ఇస్త్రీ పంచె కట్టుకుని, ఫ్యాక్టరీ వరండాలో తోటి రైతుల మధ్య కిటికీ పక్కనే నిలబడ్డాడు. లోపల మేనేజరు కాగితం చదివి నవ్వాడు.

"మీకు అవసరం లేదట కదమ్మా. అవసరమున్నవాళ్ళు బయట చాలామంది కూర్చున్నారు."

కిటికీ అవతల నాయన వింటున్నాడని తెలుసు. అయినా పంకజాక్షి తల వంచలేదు.

"అది మా నాయన పరువు కోసరం రాసినాడు సార్. నాకు అవసరమే. కూటికి కాదు. నేను నేర్సుకున్న పని నేను చెయ్యాల. ఆ కాగితం పక్కన పెట్టి, మిషనియ్యండి."

మేనేజరు మిషను ఇచ్చాడు. ఆమె కొట్టిన బిల్లులో తప్పు వెతికి వెతికి ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. సోమవారం చేరమన్నాడు. పంకజాక్షికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆమె వెనకే మేనేజరు కూడా వరండాలోకి వచ్చాడు.

"మునివెంకటప్పగారూ, ఒక చిక్కుంది. మీ కాయకు బిల్లు మీ అమ్మాయే రాయకూడదు కదా. ఇక్కడ పనిచేసేవాళ్ళ ఇంటి తోట కాయ మేం కొనకూడదని కంపెనీ రూలు. తోట సంగతి అంత వివరంగా మీరే రాశారు, చూడనట్టు ఉండలేను. ఎటూ ఉద్యోగం అవసరం లేదన్నారు కాబట్టి, మానిపించేస్తే మీకు నష్టమేం లేదు."

తన లారీలు ఈ గేటులోకి రావడమే నాయనకు పెద్ద గొప్ప. రైతులంతా ఆయన మొహంలోకే చూస్తున్నారు.

మునివెంకటప్ప కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"కాయ మద్రాసుకు తోలుకుంటాను సార్," అన్నాడు, వరండా అంతా వినబడేలా. "మాకు ఉద్యోగమే అవసరం."