ఎఫ్ కార్డు పలికిన రోజు

శనివారం ఇంట్లో అందరూ ఉన్నారు. వసారాలో అవ్వ. పొయ్యి దగ్గర అమ్మ. నులక మంచం బిగిస్తూ నాన్న. దసరా సెలవులకు కర్నూలు హాస్టలు నుంచి వచ్చి, గోళ్ళకు రంగు వేసుకుంటూ అక్క రెజీనా. మిద్దె మెట్ల దగ్గర, గిటార్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని మహిమ.

“ఇంకా పోలేదా?” అన్నాడు నాన్న. “పొద్దెక్కుతాండాది. పైకి పోయి వాయించుకో పో.”

మహిమకు నవ్వాగలేదు. వారం కిందట ఇదే నాన్న, “ఇంకోసారి ఆ సప్పుడు ఇన్నానంటే దాన్ని పొయ్యిలో పెడతా,” అన్నాడు.

తప్పు నాన్నది కాదు, ఎఫ్ కార్డుది. సుజన పిన్ని పాత గిటార్ ఇచ్చి పోయినప్పటి నుంచి మహిమ ఫోన్లో చూసి నేర్చుకుంటోంది. సిమ్ వచ్చిన ప్లాస్టిక్ ముక్కను కత్తిరించి తీగలు మీటే బిళ్ళ చేసుకుంది. కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి పలికించే కార్డుల్లో జి వచ్చింది. సి వచ్చింది. డి కూడా వచ్చింది. ఎఫ్‌కు మాత్రం చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి నొక్కాలి. ఎంత నొక్కినా, రేకు గేటును బండల మీద ఈడ్చినట్టు గర్‌ర్‌ర్‌మనేది.

చర్చిలో గిటార్ వాయించే ప్రకాశానికి కడపలో ఉద్యోగం వచ్చింది. పాటలు చూసుకునే జయపాలన్న మహిమను పిలిచాడు.

“వచ్చే ఆదివారం వాయించి సూపీ పాపా. ఎఫ్ ఒక్కటి పలికిందంటే ఇంక ఆ కుర్చీ నీదే.”

మహిమ తల మాత్రం ఆడించింది. ఎవరైనా పేరడిగితేనే గొంతు పెగలని పిల్ల. నలుగురిలో నోరు తెరవకుండా పాట పాడాలంటే ఆమెకు దొరికిన దారి ఆ గిటార్ ఒక్కటే.

ఆ ఆదివారం రేపే.

గర్‌ర్‌ర్ భరించలేక పోయిన శనివారం అమ్మే ఆమెను మిద్దె ఎక్కించింది. ఊరి చివర, అడవి వైపున్న ఇల్లు. వినేవాళ్ళెవరూ ఉండరని మహిమ కూడా సంతోషంగా ఎక్కింది. ఏమైందో ఏమో, ఆ సాయంత్రం నుంచి ఇల్లే మారిపోయింది.

అడక్కుండానే టీ వస్తోంది. “నువ్వు ఇది మొదలుపెట్టినాకనే మద్యాన్నం నా కండ్లు మూతబడతాండాయి అమ్మీ,” అంది అవ్వ. పొద్దస్తమానం చేతిలో ఉండే కట్టెను మూలకు ఆనించేసింది. నాన్న ఉండేలును మేకుకు తగిలించి, ఎన్నాళ్ళుగానో వదులైపోయిన మంచాల పని పెట్టుకున్నాడు. అక్కయితే, “నీ పుణ్యాన గోళ్ళకు రంగేసుకునే తీరిక దొరికింది మే,” అని బుగ్గ గిల్లింది.

నిన్న పక్కింటి సుబ్బరత్నమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి అమ్మను అడిగింది.

“మీ పాపను మా మిద్దె మీద ఒక్క పూట కూర్చోబెట్టరాదా? కాఫీ, మిచ్చరు నేను పెడతా.”

“మా పని కానీ అక్కా, తర్వాత నీకే పంపిస్తా.”

ఇంతమందికి తన గిటార్ ఇష్టమని తెలిశాక మహిమకు రాత్రి అన్నం సయించలేదు. సిగ్గుతో కాదు, సంతోషంతో.

మెట్లు ఎక్కింది. ఎండబోసిన శనక్కాయలకు వీపు పెట్టి, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంది. ఎవరైనా వచ్చి చూస్తారేమోనని రోజూలాగే కళ్ళు మూసుకుంది.

గర్‌ర్‌ర్.

“శానా బాగుండాది అమ్మీ,” కింద నుంచి అవ్వ. “ఇంకా గట్టిగా.”

గర్‌ర్‌ర్. గర్‌ర్‌ర్.

“అట్లే, అట్లే,” అక్క.

మోచెయ్యి ఒంటికి ఆనించాలి, వేలిని కాస్త పక్కకు వాల్చాలి అని ఫోన్లో గిటార్ నేర్పే అన్న ఎన్నిసార్లు చెప్పాడో. ఎన్నిసార్లు విన్నా చెయ్యి వినలేదు. ఇప్పుడేమో మోచెయ్యి దానంతటదే కిందికి దిగింది. వేలు వాలింది. మీటింది.

ఆరు తీగలూ పలికాయి.

నమ్మలేక మళ్ళీ మీటింది. మళ్ళీ పలికాయి. సి నుంచి ఎఫ్‌కు, ఎఫ్ నుంచి జికి, మెట్లు దిగినంత సులువుగా వేళ్ళు నడిచాయి. పాట మొదలుపెట్టి చివరిదాకా వాయించింది. ఒక్కచోట కూడా ఆగలేదు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వుకుంటూ, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

కింద మాటలు ఆగిపోయాయి. మంచం కిర్రుమంది.

“ఏమైందే ఆ పిల్లకు?” అవ్వ గొంతు.

“గర్రుమనడంల్యా అవ్వా,” అక్క గొంతు.

మెట్ల మీద పరుగు. తలుపు తెరుచుకున్న చప్పుడుకు మహిమ కళ్ళు తెరిచింది. గడపలో అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆనందంతో మాట రాలేదనుకుంది మహిమ.

“వచ్చిందమ్మా. ఎఫ్ వచ్చింది. రేపు ఆ కుర్చీ నాదే.”

అమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసి, దభాలున తలుపు మూసి గడియ పెట్టింది. లోపలి నుంచి బతిమాలింది.

“నా తల్లి కదా, నిన్నటి మాదిరి వాయించు పాపా. తప్పు తప్పుగా.”

మహిమ వెనక్కి తిరిగేసరికి, వారం రోజులుగా తీగ మోగగానే నల్లమల దారి పట్టిన కోతులన్నీ మిద్దె నిండా వరసగా కూర్చుని, శనక్కాయలు ఒలుచుకుంటూ, తర్వాతి పాట కోసం ఆమె వేళ్ళ వైపే చూస్తున్నాయి.